నులితాడ: పొద పెంచడం, కాయ కోయడం, ఆరబెట్టి తోరణం కట్టడం

మాఘం, ఫాల్గుణం నెలల్లో నల్లమలలోనో, శేషాచలం కొండల్లోనో, ఆదిలాబాద్ టేకు అడవుల్లోనో నడిస్తే ఆకు పలచబడిన పొదల మీద పురి తిప్పిన తాడుముక్కల్లాంటి గోధుమరంగు కాయలు గుత్తులుగా కనిపిస్తాయి. అదే నులితాడ. కొన్నిచోట్ల గువ్వదర అంటారు, ఇంకొన్నిచోట్ల వలంబిరి అంటారు. మూలికల దుకాణాల్లో మరోడ్‌ఫలి అని అడిగితే ఇస్తారు. శాస్త్రీయ నామం హెలిక్టెరిస్ ఐసోరా. బెండ, పత్తి, మందారం ఉన్న మాల్వేసీ కుటుంబంలోదే ఇదీ. మన ఆకురాల్చు అడవుల్లో పెద్ద చెట్ల కింద అడుగుపొదగా పెరుగుతుంది. ఆగ్నేయాసియాలో, ఉత్తర ఆస్ట్రేలియాలో కూడా ఉంది.

ఎండు కాయల అలంకరణకు మన నేల మీద ఇంతకన్నా మంచి కాయ దొరకడం కష్టం. రంగు పూయక్కర్లేదు, తీగతో వంచక్కర్లేదు, సరిగా ఆరితే ఏళ్ల తరబడి ఆకారం చెడదు. అయినా ఇళ్లలో చేసిన తోరణాలు చాలావరకు నెల తిరిగేసరికి ముడుచుకుపోతాయి, లేదా గాడుల్లో బూజు పడుతుంది. లోపం కాయది కాదు, కోసిన రోజుది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు కోసేసి తరువాత ఎన్ని తంటాలు పడ్డా పురి నిలవదు. అందుకే ఇక్కడ కోత గురించే ఎక్కువ చెబుతున్నాం. పెంపకం దానికి ముందుమాట, తోరణం కట్టడం దానికి కొనసాగింపు.

మొక్కను గుర్తుపట్టడం

మనిషెత్తు నుంచి రెండు మనుషులెత్తు దాకా పెరిగే పొద. ఆకు గరుకుగా, అంచు రంపపు పళ్లతో ఉంటుంది. మొదలు దగ్గర ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా వంకరగా ఉంటుంది. అడుగున వేలితో రాస్తే మెత్తటి నూగు తగులుతుంది. ఆకులు కొమ్మకు అటూ ఇటూ రెండు వరసల్లో వస్తాయి. కాయ లేనప్పుడు చూసి జాన మొక్కో, మరో అడవిపొదో అనుకునే వాళ్లున్నారు. పువ్వు చూశాక అనుమానం ఉండదు.

పువ్వు వానాకాలంలో, ఆకు పంగల్లో రెండు మూడుగా కలిసి వస్తుంది. విచ్చిన కొత్తలో ఇటుక ఎరుపు. తరువాత అదే పువ్వు సీసపు రంగుకు, బూడిద నీలానికి మారుతుంది. అందువల్ల ఒకే రెమ్మ మీద రెండు రంగుల పూలు ఒకేసారి కనిపిస్తాయి, రెండు మొక్కలు కలిసిపోయాయేమో అనిపిస్తుంది. పువ్వు మధ్య నుంచి సన్నటి కాడ ఒకటి రేకులను దాటి బయటికి పొడుచుకువస్తుంది. కేసరాలూ అండాశయమూ ఆ కాడ కొసనే ఉంటాయి. పూత అయిపోయాక అక్కడే కాయ మొదలవుతుంది. అయిదు సన్నటి గదులు ఒకదాని చుట్టూ ఒకటి పురి వేసుకుంటూ పెరుగుతాయి. ముదిరిన కాయ పొడవు 4 నుంచి 6 సెంటీమీటర్లు, కొస మొనదేలి ఉంటుంది. కొన్ని కాయల పురి కుడికి తిరిగితే, కొన్నింటిది ఎడమకు తిరుగుతుంది. తోరణం కట్టే రోజున ఈ తేడా పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

విత్తనం

అడవిలోంచి మొక్కను పెకలించి తేవద్దు. పులుల అభయారణ్యాల్లో, రిజర్వు అడవుల్లో అది చట్టవిరుద్ధం. పైగా దాని తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది, తవ్వేటప్పుడు తెగుతుంది, తెచ్చిన మొక్క ఎండుతుంది. ఊరి చేను గట్టు మీదో, తెలిసినవాళ్ల తోటలోనో ఉన్న పొద నుంచి కాయ తెచ్చుకోండి. అదీ లేకపోతే మూలికల దుకాణం ఉంది. దుకాణం కాయ ఎప్పటిదో తెలియదు కాబట్టి కావలసినదానికి రెండింతలు తీసుకోండి. కొస విచ్చిన కాయలను కాగితం మీద బోర్లించి తడితే విత్తనాలు రాలుతాయి. సుమారు 2 మిల్లీమీటర్ల నల్లటి, కోణాలున్న గింజలు. విచ్చని కాయను కొస దగ్గర పట్టి పురికి ఎదురుగా మెల్లగా తిప్పితే గదులు విడిపోతాయి. సన్నటి చిల్లులున్న గింజలు పురుగు తిన్నవి, పారేయండి.

గింజ పైపొర గట్టిది, నీరు లోపలికి దిగదు. నేరుగా మట్టిలో వేస్తే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి, మిగతావి అలాగే పడి ఉంటాయి. అడవిలో మొక్కకు అది మేలే. కుండీలో మనకు మాత్రం నష్టం. అందుకని వేడినీటి పద్ధతి వాడాలి:

1. ఒక చెంచాడు గింజలకు పావు లీటరు నీళ్లు. నీళ్లు తెర్లాక పొయ్యి మీంచి దించి 3–4 నిమిషాలు ఆగండి. తెర్లుతున్న నీళ్లు పోస్తే లోపలి మొలక ఉడికిపోతుంది.

2. గింజలు గాజు గిన్నెలో వేసి ఆ నీళ్లు పోసి, అలాగే చల్లారనిచ్చి, మర్నాడు పొద్దుటిదాకా ఉంచండి.

3. ఉబ్బినవి వేరుచేసి వెంటనే నాటండి. ఉబ్బనివి మళ్లీ ఒకసారి అదే పద్ధతిలో వేడినీళ్లలో వేయండి. రెండోసారికీ ఉబ్బకపోతే, 120 నంబరు గరుకు కాగితం రెండు ముక్కల మధ్య వేసి అరచేత్తో అర నిమిషం రుద్ది, మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి.

నర్సరీల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కూడా ఈ పని చేస్తారు. ఇంట్లో ఆ జోలికి వెళ్లవద్దు. వేడినీళ్లు చాలు.

కొమ్మ నాటి పెంచవచ్చా అని అడుగుతుంటారు. వేరు పట్టడం నమ్మకం లేని వ్యవహారం, హార్మోను పొడి పెట్టినా చాలా కొమ్మలు కుళ్లిపోతాయి. గింజే మేలు.

నారు

ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. 6×10 అంగుళాల పాలిథీన్ సంచి తీసుకోండి. తల్లివేరు తొందరగా దిగుతుంది కాబట్టి పొట్టి సంచిలో వేరు అడుగున చుట్టలు తిరిగి, నాటాక మొక్క ఏళ్ల తరబడి ఎదగకుండా ఉండిపోతుంది. ట్రేలో పోసి తరువాత మార్చడం కూడా ఈ మొక్కకు పడదు. ఒక్కో సంచిలో మూడేసి గింజలు, అర సెంటీమీటరు లోతున వేసి, పైన సన్నటి ఇసుక చల్లండి.

వైశాఖంలో, అంటే మే నెలలో పోస్తే వేడికి మొలక త్వరగా వస్తుంది. రెండో వారం నుంచి మొదలై నెల దాటేదాకా ఒకటొకటిగా వస్తూ ఉంటాయి కాబట్టి ఖాళీ సంచులను తొందరపడి కుమ్మరించవద్దు. మూడూ మొలిస్తే బలమైనదాన్ని ఉంచి, మిగతావి కత్తెరతో మట్టి మట్టానికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

ఈ దశలో చావులన్నీ దాదాపు ఒకే కారణం. మొలక మొదలు నీరుపట్టి, మెత్తబడి, పక్కకు వాలిపోతుంది. నారుకుళ్లు అది. మాగని ఎరువు, రోజుకు రెండుసార్లు నీళ్లు, గాలి ఆడని చోటు, మూడూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. పది కిలోల మాగిన ఎరువులో 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (కుళ్లును అదుపు చేసే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, తడి చల్లి, గోనె కప్పి వారం ఉంచాక వాడితే ఈ బెడద చాలా తగ్గుతుంది. పైమట్టి వేలితో తాకితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి.

నాటడం

మొక్క అడుగు ఎత్తు వచ్చాక, నేల జానెడు లోతు తడిసిన వానలు పడ్డాక నాటాలి. మేలో పోసిన నారు ఆ ఏటి చివరి వానలకు అందుకోకపోతే సంచిలోనే ఉంచి, వచ్చే జూన్‌లో నాటండి. దసరా దాటాక నాటిన మొక్క వేరు దిగకముందే ఎండల్లో చిక్కుకుంటుంది.

గుంత మూడు వైపులా 45 సెంటీమీటర్లు. తవ్విన మట్టిలో 5 కిలోల మాగిన ఎరువు కలిపి తిరిగి పూడ్చండి. యూరియా వద్దు. నత్రజని ఎక్కువైతే పొద ఆకు మీద ఆకు వేస్తుంది, పూత మాత్రం పలచబడుతుంది. కాయ కోసం అయితే మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు, కంచె వరసకైతే మీటరు. నల్లరేగడి అయితే గుంత తీయకుండా, 30 సెంటీమీటర్ల ఎత్తున మీటరు వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఎండను ఓర్చుకునే మొక్కే కానీ, వేరు దగ్గర వారం పాటు నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు.

ఎండ సంగతి ముఖ్యం. అడవిపొద కదా అని చిక్కటి మామిడి నీడలో పెడితే బతుకుతుంది, పొడుగ్గా సాగుతుంది, పది కాయలు కూడా ఇవ్వదు. రోజుకు నాలుగైదు గంటల నేరుటెండ పడాలి. వేప, టేకు లాంటి చెట్లకు తూర్పు వైపున, ఆకుల సందుల్లోంచి ఎండ రాలే చోటు దీనికి సొంత ఇల్లు.

మొదటి ఎండాకాలం వారానికి 10 లీటర్లు, మే నెలలో వారానికి రెండుసార్లు. మొక్క మొదలు చుట్టూ అరచేయి మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి మాత్రం ఆనకుండా జాగా వదలండి. మూడో ఏటి నుంచి నీళ్ల బాధ్యత దాదాపు ఉండదు. ఒక్క మినహాయింపు: భాద్రపదంలో వాన మొహం చాటేస్తే పిందెలు రాలతాయి. అప్పుడు ఒక్క తడి, నేల లోతుగా నానేలా ఇవ్వండి.

డాబా మీద పెంచేవాళ్లు 50 లీటర్ల తొట్టి కన్నా చిన్నది పెట్టవద్దు. మంచు పడే దేశాల్లో ఉన్నవాళ్లు బయట పెంచలేరు, గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. గింజలు పట్టుకెళ్లేముందు ఆ దేశపు మొక్కల దిగుమతి నిబంధనలు చూసుకోండి.

పూత, పిట్టలు, పురుగులు

రెండో ఏటో మూడో ఏటో పూత మొదలవుతుంది. పూలలో తేనె బాగా ఉంటుంది. తేనెపిట్టలు వస్తాయి, గుంపులు కట్టి తిరిగే గోధుమరంగు పిట్టలూ ముక్కు పెట్టి తాగి పోతాయి. తేనె కోసం ముక్కు దూర్చినప్పుడు బయటికి చాచి ఉన్న ఆ కాడ కొస పిట్ట తలకు తగిలి పుప్పొడి అంటుకుంటుంది, మరో పువ్వుకు చేరుతుంది. కాయ పట్టడం ఈ రాకపోకల మీద ఆధారపడి ఉంది. కోతుల భయంతో పొద మీద వల కప్పితే పూత నిండుగా ఉన్నా కాయ పలచగా పడుతుంది. పూత రోజుల్లో పురుగుమందు కొట్టినా అంతే.

ఆకును మడిచి, దారంతో కుట్టుకుని లోపల ఉండే పురుగు కనిపిస్తే కంగారు పడవద్దు. గోల్డెన్ యాంగిల్ అనే సీతాకోకచిలుక పిల్లలకు ఈ పొద ఆకే ఆహారం. కొన్ని ఆకులు పోతే పొదకు నష్టం లేదు. లేత కొమ్మల మీద తెల్లటి పిండినల్లి పడితే ఆ కొస తుంచేయండి, మిగిలినదాని మీద లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, పూల మీద పడనివ్వకుండా. బెండ, పత్తి మీద తిరిగే ఎర్రటి పురుగులు కాయల మీద గుంపు కడితే సబ్బునీళ్ల గిన్నె కింద పట్టి కొమ్మను తట్టండి. అవి గింజలోని రసం పీలుస్తాయి.

కోత

పిందె అక్టోబరు నాటికి పచ్చటి కాయ అవుతుంది. చూడ్డానికి పురి పూర్తిగా తిరిగి, ముచ్చటగా ఉంటుంది. చాలామంది కోసేది ఇప్పుడే. గోడలు ఇంకా లేతగా, నీటితో నిండి ఉంటాయి. ఆరేటప్పుడు నీరు పోయి గోడ ముడుచుకుంటుంది, అయిదు గదులూ ఒకదానికొకటి అతుక్కుని కాయ సన్నటి ఎండుపుల్లలా అవుతుంది, గాడులు మాయమవుతాయి. గాడులే కదా అందం.

పచ్చరంగు పోయి గోధుమరంగు తిరగడం సాధారణంగా డిసెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది. కొండ ఎత్తును బట్టి, వానలు ఎప్పుడు ఆగాయన్నదాన్ని బట్టి ముందూ వెనకా అవుతుంది, కాబట్టి తేదీని నమ్మవద్దు, కాయను చూడండి. ఒక కాయను వేళ్ల మధ్య పట్టుకుని నాలుగు విషయాలు చూడాలి. కాడ మొదలు నుంచి కొస దాకా ఎక్కడా పచ్చచార లేకపోవడం. గాడి అడుగున ఆఖరుదాకా పచ్చదనం దాక్కుంటుంది, వెలుతురులో తిప్పి చూడాలి. నొక్కితే గోడ లోపలికి దిగకపోవడం. గోరుతో తడితే పొడి చప్పుడు రావడం. కొస ఇంకా మూసి ఉండడం.

ఈ నాలుగూ కలిసిన కాయే అలంకరణకు కోయాల్సిన కాయ. ఇంకా వదిలేస్తే మార్చి ఎండలకు కొస విచ్చి, గదుల అంచులు విడిపోతాయి, గింజలు రాలతాయి, రంగు గోధుమ నుంచి బూడిదకు తిరుగుతుంది. విచ్చిన కాయకు వేరే అందం ఉంది, పెద్ద కొమ్మల అమరికలో బాగుంటుంది. తోరణంలో మాత్రం దారం బిగించినప్పుడు గదులు ఊడిపోతాయి. విత్తనానికి కావాలంటే ఈ విచ్చిన దశ దాకా ఆగాల్సిందే.

ఒక పొదలో అన్ని కాయలూ ఒకేసారి ముదరవు. కింది కొమ్మలవి ముందు, పైవి తరువాత. పదిహేను రోజుల ఎడంతో మూడు విడతలు కోయండి. ఎండ ఎక్కాక, పది గంటల తరువాత కోయాలి. తెల్లవారుజామున మంచు తడి గాడుల్లో ఉండిపోతుంది. చేత్తో లాగవద్దు, కాడ కాయ మెడ దగ్గర ఊడి, దారం కట్టడానికి పట్టు లేకుండా పోతుంది. కత్తెరతో, కాయ వెనక 2 సెంటీమీటర్ల రెమ్మ ఉంచి కత్తిరించండి. గుత్తిగా ఉంటే గుత్తి మొత్తం కణుపుతో సహా తీయండి. కాయ మీది సన్నటి నూగు కొందరికి దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మూడో వంతు కాయలు పొద మీదే వదలండి. వాటి గింజలు అక్కడే రాలి మొలుస్తాయి.

ఆరబెట్టడం

గోధుమరంగు తిరిగిన కాయలో కూడా తేమ ఉంటుంది. నులకమంచం మీదో, జల్లెడలోనో ఒక్క పొరగా పరిచి, గాలి ఆడే నీడలో 10–15 రోజులు ఉంచండి. రెండు రోజులకోసారి పొర్లించండి. నేరుటెండలో పెడితే బయటి గోడ తొందరగా బిగిసి, లోపలి తేమ దారి లేక కాయను కొస దగ్గర చీలుస్తుంది. ఫ్యాన్ గాలి పెట్టవచ్చు, వేడి గాలి వద్దు.

ఆరిందో లేదో చేత్తో చూసి చెప్పడం కష్టం. వంటింటి తూకం మీద 20 కాయలు తూచి బరువు రాసుకోండి. రెండు రోజుల తరువాత మళ్లీ తూచండి. రెండు తూకాలూ ఒకటే వస్తే ఆరినట్టు. ఇంకా తగ్గుతుంటే ఆగండి. కోస్తాలో, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఇళ్లలో, ఈ పరీక్ష లేకుండా డబ్బాలో పెట్టవద్దు.

ఆరాక పొడి టూత్‌బ్రష్‌తో, పురి తిరిగిన దారి వెంటే, గాడులు శుభ్రం చేయండి. ఎదురు దిశలో రుద్దితే అంచులు లేస్తాయి. నూగు, దుమ్ము గాలిలో లేస్తాయి కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నీళ్లతో కడగవద్దు. గాడిలోకి దిగిన నీరు రోజుల తరబడి ఆరదు, నల్ల మచ్చలు, తరువాత బూజు వస్తాయి.

ఇక లోపలి పురుగు. బయటికి కనపడకుండా గింజల్లో గుడ్లు ఉండవచ్చు. నెల తరువాత కాయ కింద సన్నటి పిండి రాలుతుంటే అదే. ముందే నివారించాలి: ఆరిన కాయలను జిప్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో మూడు రోజులు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే తెరవవద్దు, ఒక పూట అలాగే ఉంచి గది వేడికి వచ్చాక తెరవండి. చల్లటి కాయకు గాలి తగిలితే తేమ పడుతుంది, పడ్డ కష్టమంతా వృథా. విత్తనానికి ఉంచుకున్న కాయలను ఫ్రీజర్‌లో పెట్టకండి.

మెరుపు కావాలా వద్దా అన్నది ఇష్టం. మా మాట అడిగితే వద్దు. కాయ సహజంగా ఉన్న మసకరంగే దాని అందం, వార్నిష్ వేస్తే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. దుమ్ము ఎక్కువ పడే వరండాలో కట్టేటట్టయితే మెరుపు లేని ఆక్రిలిక్ స్ప్రే, 25–30 సెంటీమీటర్ల దూరం నుంచి, పలచగా రెండు పూతలు, మధ్యలో అరగంట విరామం ఇచ్చి వేయండి. ఒక్కసారే దట్టంగా కొడితే గాడుల్లో చుక్కలు నిలిచి తెల్లగా ఎండుతాయి.

తోరణం

మూడున్నర అడుగుల గుమ్మానికి కొద్ది వంపుతో 120 సెంటీమీటర్ల తాడు పడుతుంది. రెండు కొసలా ముడులకు 20 సెంటీమీటర్ల చొప్పున కలిపి 160 సెంటీమీటర్ల పురికొస కత్తిరించండి. 5 సెంటీమీటర్లకు ఒక కాయ చొప్పున 25 కాయలు. విరిగేవి ఉంటాయి, 30 సిద్ధం చేసుకోండి.

సూదితో కాయను గుచ్చవద్దు. సూది గదుల మధ్య దూరి పురిని విడదీస్తుంది. వెనక ఉంచిన రెమ్మకు సన్నటి పురికొస, ఒక్కోటి 15 సెంటీమీటర్ల ముక్క, రెండు చుట్లు చుట్టి బిగించి ముడివేయండి. ముడి మీద ఒక చుక్క ఫెవికాల్. రెమ్మ ఊడిపోయిన కాయలకు మాత్రం చేతి డ్రిల్లుతో, మెడ దగ్గర గట్టి భాగంలో, 1 మిల్లీమీటరు రంధ్రం చేసి సన్నటి రాగితీగ దూర్చండి.

కట్టేముందు కాయలను నేల మీద పరిచి, కుడి పురివి ఒక పక్క, ఎడమ పురివి ఒక పక్క పెట్టండి. గుమ్మం ఎడమ సగానికి ఒక రకం, కుడి సగానికి రెండో రకం వాడితే పురులన్నీ మధ్యలోకి చూస్తున్నట్టు కుదురుతాయి. పొడుగు కాయ మధ్యలో, పొట్టివి కొసలకు. వేలాడే దారాలు 6 సెంటీమీటర్లు ఒకటి, 9 సెంటీమీటర్లు ఒకటి, మార్చి మార్చి కట్టండి. అన్నీ ఒకే పొడవైతే గాలికి కాయలు ఒకదాన్నొకటి కొట్టుకుని మొనలు విరుగుతాయి.

పచ్చి మామిడాకులతో, బంతిపూలతో కలిపి ఒకే తాడు మీద కట్టవద్దు. ఆకుల తడి కాయకు ఎక్కుతుంది. పండగకు రెండూ కావాలంటే వేరువేరు తాళ్ల మీద, ఆకుల తోరణం ముందు, కాయల తోరణం జానెడు వెనక కట్టండి. వానజల్లు కొట్టే గుమ్మమైతే తొలకరికి ముందే విప్పి, అట్టపెట్టెలో కాగితాల మధ్య పెట్టి దాచండి. బూజు తెల్లగా కనిపిస్తే బ్రష్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి, పిండి, గాడులు తుడిచి, రెండు గంటలు ఎండలో ఉంచండి. నల్లగా లోపలిదాకా పోయిన కాయ మళ్లీ బాగుపడదు, తీసేసి వేరేది కట్టండి.

కొమ్మల అమరికకు 60–75 సెంటీమీటర్ల కొమ్మలు, ఆకు రాలాక, కాయలతో సహా కోసి, కాయలకు చోటుండేలా తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టండి. మట్టికూజాలో అడుగున రెండు గుప్పెళ్ల ఇసుక పోస్తే ఒరగదు. బేసి సంఖ్యలో, మూడో అయిదో కొమ్మలు చాలు.

కత్తిరింపు

కోత అయిపోయాక, తొలకరికి ముందు. నాలుగో ఏటి నుంచి ప్రతి ఏడూ అన్నిటికన్నా పాతబడ్డ కొమ్మల్లో మూడో వంతు నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున కోసేయండి. మొదలు నుంచి కొత్త చిగుళ్లు బలంగా వస్తాయి. అడవిలో కార్చిచ్చు తగిలినా మళ్లీ లేచే పొద ఇది. మొత్తం ఒకేసారి నరికితే కూడా చావదు, కానీ ఆ ఏడు పొడుగు కర్రలే తప్ప కాయ పెద్దగా ఉండదు. అలా లేచిన ఒకటి రెండేళ్ల కర్రల బెరడును నీళ్లలో నానవేసి నార తీసి తాళ్లు పేనేవారు. నార కావలసినవాళ్లకు పూర్తి నరుకుడు, కాయ కావలసినవాళ్లకు మూడో వంతు.

మందు మాట

నులితాడ కాయకు మన ఊళ్లలో, ఆయుర్వేదంలో కడుపునొప్పికి, విరేచనాలకు వాడే అలవాటు ఉంది. ఇండోనేషియాలో జాము అనే సంప్రదాయ మూలికా కషాయాల్లోనూ వేస్తారు. అందుకే ఒక హెచ్చరిక. స్ప్రే కొట్టినవీ, స్పిరిట్ రాసినవీ, దుమ్ము పట్టిన తోరణంలోవీ ఎవరూ అరగదీసి పసిపిల్లలకు పట్టకుండా చూసుకోండి. అలంకరణ కాయల పెట్టె మీద ‘మందుకు కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, వంటింటి సామానుకు దూరంగా పెట్టండి. మందుగా వాడాలంటే వైద్యుణ్ని అడిగి, శుభ్రమైన కాయ వేరే తెచ్చుకోవాలి.